తొట్టిబండిలో కామాక్షి

పోయిన నెల మా తమ్ముడి మనవడు వచ్చి, "అవ్వా, మోటారు సైకిళ్ళున్న మా స్నేహితులంతా కలిసి ఆసుపత్రిలో కేన్సరు పిల్లల్ని బళ్ళమీద తిప్పుతున్నాం, నువ్వొచ్చి రిబ్బను కత్తిరించాలి" అని పట్టుబట్టాడు. పిల్లల వార్డులో జుట్టు నెరిసిన ముసలి నర్సును గనక నేనైతే బాగుంటుందని వాళ్ళకు తోచినట్టుంది. వెళ్ళాను. నెల్లూరులో ఒక పెద్ద ఆసుపత్రి ఆవరణ. నల్లగా మెరిసే బళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో రెండింటికి పక్కన తొట్లు కూడా బిగించి ఉన్నాయి. పిల్లల గుండ్లమీద రంగురంగుల టోపీలు, మూతులకు గుడ్డలు. ఒక తల్లి తన కూతుర్ని ఎత్తి తొట్టిలో కూచోబెట్టి, పిల్ల మోకాళ్ళమీద దుప్పటి సర్ది, బండి నడిపే కుర్రవాడితో "మెల్లగా అన్నా" అంది. ఆ రెండు మాటలు వినేసరికి నేను కత్తెర పక్కన పెట్టి అక్కడే నేలమీద కూచుండిపోయాను. ఎండ తగిలిందేమోనని అందరూ కంగారుపడి నన్ను వరండాలోకి తీసుకెళ్ళి నీళ్ళిచ్చారు. నేనూ ఎండే అన్నాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మా నాయన కూడా లేడిప్పుడు, నొచ్చుకునేవాళ్ళెవరూ మిగల్లేదు, కాబట్టి రాస్తున్నాను.

మాది ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. మా నాయన మస్తాన్ మోటారు మెకానిక్కు. అదే నెల్లూరులో రోడ్డు పక్కన రేకుల షెడ్డు, షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు. రెంటికీ మధ్య గోనెపట్టా తప్ప తలుపు లేదు. అందుచేత మా ఇంట్లో అన్నీ కాలిన ఇంజనాయిలు వాసనే వేసేవి. అన్నం, దిండ్లు, చివరికి పండక్కి కుట్టించుకున్న కొత్త పావడా కూడా. నాయన పొద్దున్నే నమాజు చేసుకుని, ఒక గ్లాసు టీ తాగి షెడ్డులోకి వెళ్ళేవాడు. మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు ముందు కిరసనాయిలుతో, తర్వాత రంపపు పొట్టుతో, ఆ తర్వాత కుంకుడు రసంతో చేతులు తోముకునేవాడు. అదంతా అయ్యేదాకా మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, కంచం ముందు కూచుని తాను తినకుండా ఎదురుచూసేది. "చేతులు కడుక్కుంటాండావా, నమాజు చేస్తాండావా?" అని రోజూ అడిగేది. నాయన ఇంకో గుప్పెడు పొట్టు తీసుకునేవాడు. జేజికి పొడుం అలవాటు. కోపం వస్తే పొడుం డబ్బీ మూత టకటక కొట్టేది. ఆ చప్పుడును బట్టే మా అమ్మ ఇంట్లో మసులుకునేది.

ఆ షెడ్డులో నాయనకు సొంతమైంది ఒక్కటే, ఆ బండి. యుద్ధం అయిపోయాక మద్రాసులో మిలిటరీవాళ్ళు వదిలించుకున్న పాత సామానులోంచి తెచ్చాడు. తెచ్చినప్పుడు అది బండిలాగా లేదని అమ్మ చెప్పేది. ఒక్కో ముక్కా తోమి, దొరకనివి తనే చేసుకుని నడిపించాడు. మోటారు సైకిలుకు ఎడమపక్కన ఒంటిచక్రంతో ఇనుప తొట్టి తగిలించి ఉండేది. తొట్టిలో ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూచోవచ్చు. ఊళ్ళో అందరూ దాన్ని తొట్టిబండి అనేవాళ్ళు. ఊరి చివర ఒక ధర్మాసుపత్రి ఉండేది. అక్కడ ఏటా చలికాలంలో ఒక ఆదివారం పిల్లల వార్డుకు చందాల కోసం ఉత్సవం లాంటిది చేసేవాళ్ళు. ఆసుపత్రి నడిపే తెల్లదొరసానులు దానికేదో పేరు పెట్టుకున్నారు, జనం మాత్రం ఆసుపత్రి తిరనాళ్ళు అనేవాళ్ళు. అల్లిన స్వెట్టర్లు, మురుకులు, బ్యాండు మేళం. ఒకసారి ఆసుపత్రి జీపు బాగుచేయడానికి వెళ్ళిన నాయన ఆ హడావిడంతా చూసి, కిటికీల్లోంచి చూస్తున్న మంచాలమీది పిల్లల్నీ చూసి, పెద్దనర్సు రూతమ్మగారిని అడిగాడట, "వీళ్ళకేమీ లేదా అమ్మా?" అని. ఆ మరుసటి ఏడు నుంచీ తొట్టిబండి ఆసుపత్రి తిరనాళ్ళకు వెళ్ళింది. ఆవరణ చుట్టూ రెండేసి చుట్లు, నడవలేని పిల్లలకు, ఎక్కువ రోజులు బతకరని డాక్టర్లకు తెలిసిన పిల్లలకు ముందు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నేనూ వెంట వెళ్ళేదాన్ని. పిల్లల్ని ఎత్తి కూచోబెట్టడం, దుప్పటి కప్పడం నా పని. తొట్టి ఖాళీగా ఉంటే ఎడమవైపు మలుపులో దాని చక్రం పైకి లేస్తుంది, బండి తిరగబడుతుంది. అందుకని నాయన తొట్టి అడుగున ఇసుక మూట పెట్టేవాడు. పిల్ల బరువును బట్టి ఇసుక కలిపేవాడు, తీసేవాడు. ప్రతి పిల్లనూ ముందు తనే రెండు చేతులతో ఎత్తి చూసి, "ఇంకొంచెం పొయ్యమ్మాయ్" అనేవాడు. రెండో ఏడు మళ్ళీ వచ్చిన పిల్లలకు, ఏడాది పెద్దవాళ్ళయినా, ముందటి ఏటికన్నా ఎక్కువ ఇసుక పట్టేది. అప్పుడు నాయన మాట్లాడకుండా పార నా చేతికిచ్చేవాడు. మూడో ఏడు వచ్చినవాళ్ళు నాకు గుర్తున్నంతలో ఇద్దరో ముగ్గురో.

జనం కంటికి అదే కనబడింది. మా జేజి చెవికి అందరికన్నా ముందు చేరింది. "తొట్టిబండి ఎక్కిన బిడ్డ మళ్ళా యేడాది చూడదంటరా. ఆసుపత్రి కాడ ఆడోళ్ళు అనుకుంటాండారు" అంది అన్నం పెడుతూ. నాయన నవ్వాడు. కానీ ఆ ఏడు తిరనాళ్ళలో, నేను ఒక పిల్లవాడికి దుప్పటి కప్పుతుండగా వాడి తల్లి పరుగెత్తుకొచ్చి, "దింపండి, నా బిడ్డను దింపండి! మీకు దణ్ణం పెడతా" అని కేకలు పెట్టి, వాణ్ణి దుప్పటితో సహా లాక్కుపోయింది. బ్యాండు మేళం ఆగిపోయింది. వరసలో ఉన్న తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని ఎత్తుకుని వెనక్కి తగ్గారు. నాయన బండి దిగకుండా, ఇంజను ఆపకుండా అట్లాగే కూచున్నాడు. ఆ ఖాళీలో ఒక సన్నని గొంతు వినబడింది. "నేనెక్కతా." వరండా మెట్టుమీద గోడకు ఆనుకుని కూచున్న తొమ్మిదేళ్ళ పిల్ల. పాదాలు ఉబ్బి ఉన్నాయి, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటోంది. అదే కామాక్షి. వాకాడు అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ పాళెం వాళ్ళది. తండ్రి వలకు పోయి తిరిగిరాలేదు. తల్లి నాగూరమ్మ నెలల తరబడి ఆ పిల్లతో ఆసుపత్రిలోనే ఉండేది. గుండెలో కవాటం పాడయిందని రూతమ్మగారు చెప్పారు. ఇవాళ అలాంటి పిల్లలకు తొడలోంచి తీగ పంపి బాగుచేసి నాలుగోనాడు ఇంటికి పంపిస్తారు. ఆ రోజుల్లో మాత్రలు, ఉప్పులేని చప్పిడి కూడు, మంచం. అంతే.

నాగూరమ్మ అడ్డు చెప్పలేదు. కామాక్షి రెండు చుట్లు తిరిగి, దిగనని, ఇంకో చుట్టు అడిగింది. "మా పడవ మాదిరే ఊగతాందే" అంది నాయనతో. ఆ ఏడు ఇంకెవరూ ఎక్కలేదు. సాయంత్రం నాయన రూతమ్మగారితో, "ఇంక నేను రానమ్మా" అన్నాడు. ఆమె, "మస్తానూ, నీ బండి ఎక్కకపోయినా పోయేవాళ్ళే వీళ్ళు. ఎక్కినోళ్ళు ఒక్కరోజు నవ్వి పోయినారు. తేడా అంతే" అన్నారు. నాయన తల అడ్డంగా ఊపి వచ్చేశాడు. బండిమీద పట్టా కప్పాడు. రెండు నెలలు దాన్ని తీయలేదు.

ఒకరోజు పొద్దున నాయన టీ తాగి షెడ్డులోకి వెళ్ళేసరికి గుమ్మంలో నాగూరమ్మ కూచుని ఉంది, ఒళ్ళో కామాక్షి. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడట. ముందురోజు గూడూరు బస్సెక్కితే, ఆ ఎగరొప్పు చూసి కండక్టరు దింపేశాడట. పిల్ల దారిలో పోతే తన మెడకు చుట్టుకుంటుందని. "అన్నా, ఆ బండిలో మమ్మల్ని ఇంటికి చేర్చు" అంది. నాయన పట్టా కప్పిన బండిని చూపించి, "ఈ బండిని జనం ఏమనుకుంటాండారో తెలీదామ్మా నీకు?" అన్నాడు. "తెలుసన్నా. యెట్టా పొయ్యే బిడ్డకు ఏ బండైతే ఏంది? సముద్రం చూడాలని ఒకటే పోరు పెడతాంది" అంది నాగూరమ్మ. గొంతు పెంచలేదు, ఏడవలేదు. వారం రోజులుగా నిద్రలేని కళ్ళు. లోపల జేజి పొడుం డబ్బీ మూత కొడుతూనే ఉంది. నాయన వెళ్ళి పట్టా లాగేశాడు. నాకు అప్పుడు పదిహేనేళ్ళు. తల్లి తూగితే బిడ్డను పట్టుకునేవాళ్ళు కావాలని నన్నూ వెనక ఎక్కమన్నాడు. వయసొచ్చిన ఆడపిల్ల మోటారు సైకిలు మీదా అని జేజి అరుస్తుండగానే బయల్దేరాం.

తొట్టిలో నాగూరమ్మ, ఆమె ఒళ్ళో కామాక్షి. ఇసుక అక్కర్లేకపోయింది. కామాక్షి తల తల్లి భుజం మీద, ఒక చెయ్యి తొట్టి అంచుమీద. బయల్దేరేముందు నాగూరమ్మ నాయన వైపు చూసి, "మెల్లగా అన్నా" అంది. గూడూరు దాకా రోడ్డు బాగుంది. గూడూరులో ఆగి ఇడ్లీ తిన్నాం. కామాక్షి టీ రెండు గుక్కలు తాగింది. హారను రబ్బరు బుడ్డి చూపించి, "నేను నొక్కేదా?" అంది. నాయన దాన్ని ఊడదీసి ఆ పిల్ల చేతికే ఇచ్చాడు. రెండుసార్లు మోగించి, మూడోసారికి వేళ్ళలో బలం చాలక నవ్వింది. అక్కడినుంచి కోట అనే ఊరికి పోయే దారి కంకర. నాయన ఎద్దులబండి అంత నెమ్మదిగా నడుపుతూ, ప్రతి గుంటకూ ముందే "గుంట వస్తాంది, పట్టుకోండి" అని చెప్పేవాడు. కోట దాటాక నేను ఎందుకో కిందికి చూశాను. తొట్టి అంచుమీదున్న చెయ్యి జారి బయటికి వేలాడుతోంది. గుంట వచ్చినప్పుడల్లా ఇనుపరేకుకు తగులుతోంది, తగిలినా వెనక్కి పోవడం లేదు. నేను నాగూరమ్మ మొహంలోకి చూశాను. ఆమె అప్పటికే నన్ను చూస్తోంది. ఆ చేతిని నెమ్మదిగా లోపలికి తీసుకుని కొంగులో పెట్టుకుంది. నాయన వీపు వైపు కళ్ళతో చూపించి, వద్దన్నట్టు తల ఊపింది. ఆ తర్వాత, ఇంజను చప్పుడుకు మించి వినబడేట్టు, "అదో, తాటితోపు వచ్చిందే కామాక్షీ. ఇంక నది, నది దాటితే మనూరే" అని చెప్పడం మొదలుపెట్టింది. నాయన వెనక్కి తిరక్కుండానే, "మేలుకోనుండాదా?" అని అడిగాడు. "మేలుకోనుండాదన్నా, వింటాంది" అంది.

స్వర్ణముఖి మీద అప్పుడు వంతెన లేదు. వేసవి ముందు కాలం, నీళ్ళు ఒక పాయగా సన్నగా ఉన్నాయి, మిగిలిందంతా ఇసుక. సగంలో చక్రాలు కూరుకుపోయాయి. పుచ్చతోటల్లో పనిచేస్తున్న నలుగురు వచ్చి నెట్టారు. వాళ్ళలో ఒకాయన తొట్టిలోకి వంగి, "బిడ్డకేంది?" అన్నాడు. "నిదరపోతాంది, లేపబాకండి" అంది నాగూరమ్మ, పిల్ల మొహం మీదికి కొంగు లాగుతూ. ఆమె ఎందుకు దాచిందో నేనెప్పుడూ అడగలేకపోయాను. పీనుగ అని తెలిస్తే ఆ నలుగురూ చెయ్యి వేయరని అనుకుని ఉండొచ్చు. మా నాయన కోసం కూడా అయి ఉండొచ్చు. నేను బండి దిగి, ఆ నలుగురితో పాటు తొట్టికి భుజం పెట్టి నెడుతున్నాను. నా మొహానికి జానెడు దూరంలో ఆ కొంగు. అది కదలడం లేదు.

పాళెంలోకి వచ్చాక నాగూరమ్మ ఇంటి దగ్గర ఆపమనలేదు, ఒడ్డుకు పొమ్మంది. బండి ఇక పోలేనన్నచోట దిగి, బిడ్డను భుజాన వేసుకుని, మాకు వీపు పెట్టి నీళ్ళదాకా నడిచింది. అక్కడ కాసేపు నిలబడింది. పిల్ల మొహాన్ని సముద్రం వైపు తిప్పి పట్టుకుంది, ఏదో మాట్లాడింది. తర్వాత అలాగే ఇసుకలో కూలబడి అరిచింది. గుడిసెల్లోంచి ఆడవాళ్ళు పరుగెత్తారు. నాయన కదల్లేక బండిని పట్టుకుని నిలబడ్డాడు. కొంతసేపటికి ఆమే మా దగ్గరికి వచ్చి, నాయన రెండు చేతులూ పట్టుకుని, "చూసిందన్నా. కళ్ళు తెరిచి బాగా చూసింది. చూసినాకనే పోయింది" అంది. మా నాయన ఏడవడం అదే నేను మొదటిసారి చూడటం. నాగూరమ్మ నావైపు చూడలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు గనక పక్కింటివాళ్ళు మాకు గంజి పోశారు. నేను తాగలేకపోయాను. నాయన నా గంజి కూడా తాగి, "ఇంతదూరం రావడం ఊరికే పోలేదమ్మాయ్" అన్నాడు.

ఆ మాటే పట్టుకుని ఆయన ఆ తర్వాతి మూడేళ్ళు గడిపాడు. తర్వాతి చలికాలం తిరనాళ్ళకు బండి మళ్ళీ వెళ్ళింది. భయపడిన తల్లులకు నాయన స్వయంగా కామాక్షి సంగతి చెప్పేవాడు. "అంత జబ్బు బిడ్డ, ఈ బండిలోనే పోయి సముద్రం చూసింది" అనేవాడు. ఆయన చెప్పే తీరుకు వాళ్ళ భయం సగం తగ్గేది. ఒకరిద్దరు ఎక్కించేవాళ్ళు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు. నేను పక్కన నిలబడి ఇసుక పోసేదాన్ని. ఎన్నిసార్లు విన్నానో. విన్నప్పుడల్లా తొట్టిరేకుకు తగిలే ఆ చెయ్యి కనబడేది.

నా పెద్దపరీక్ష పాసయ్యాక రూతమ్మగారు నర్సు ట్రైనింగు కాగితాలు తెచ్చి ఇచ్చారు. నాయన వద్దన్నాడు. మధ్యాహ్నం అన్నం వేళ, రంపపు పొట్టుతో చేతులు తోముకుంటున్నాడు. "తెల్లారితే చావులు. నువ్వు తట్టుకోలేవు. పదిసార్లు చూసినోణ్ణి నేను చెప్తాండా" అన్నాడు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు నిండాయి. నా సంబంధాల గురించి జేజి మాట్లాడుతోంది. గోనెపట్టాకు ఇవతల నా బతుకు అయిపోతోందని భయం. ఆ భయంలో నోరు జారింది. జారిందనడం కూడా అబద్ధమే, చూసి కొట్టాను.

"కామాక్షి సముద్రం చూళ్ళేదు నాయనా. నది రాకముందే పోయింది. నువ్వు మోసుకుపోయింది పీనుగను. నేను చూసినా, నోరు మూసుకోనుండా. తట్టుకోలేంది నేనా, నువ్వా?"

జేజి డబ్బీ మూత ఆగిపోయింది. నాయన నావైపు చూడలేదు. చేతులు తోముకుంటూనే ఉన్నాడు. జిడ్డంతా పోయింది, చర్మం ఎర్రబడింది, ఇంకా తోముకుంటూనే ఉన్నాడు. అమ్మ వెళ్ళి నీళ్ళు పోస్తే అప్పుడు ఆపాడు. వారం తిరక్కుండా నా కాగితాలమీద సంతకం పెట్టి ఇచ్చాడు. అదే రోజు తొట్టికున్న బోల్టులు విప్పి, దాన్ని బండినుంచి వేరుచేసి షెడ్డు వెనక బోర్లించాడు. బండి మిగిలింది, రెండు చక్రాలతో. నేను అడిగింది నాకు దొరికింది.

ఆ చలికాలం ఆసుపత్రి తిరనాళ్ళ నాడు నేను తెల్లచీర కట్టుకుని వార్డులో ఉన్నాను. పొద్దున్నే పిల్లలకు తలలు దువ్వాం, ఉతికిన గుడ్డలు తొడిగాం. మంచం దిగగలిగినవాళ్ళంతా వరండాలో వరసగా కూచున్నారు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు తొట్టిబండి గురించి చెబుతున్నారు. వెన్నెముకకు చట్రం బిగించుకున్న ఒక పిల్లవాడు గేటువైపు తిరగలేక, పక్కవాణ్ణి మాటిమాటికీ "వచ్చిందా?" అని అడుగుతున్నాడు. పదకొండు అయింది, పన్నెండు అయింది. చివరికి రూతమ్మగారు నావైపు చూసి, "నువ్వే చెప్పమ్మా" అన్నారు. నేను వెళ్ళి బండి రిపేరులో ఉందని చెప్పాను. పిల్లలు ఏడవలేదు. నెలల తరబడి మంచాలమీద ఉండే పిల్లలు అలాంటివాటికి ఏడవరని ఆ రోజే తెలుసుకున్నాను. ఆ చట్రం పిల్లవాడు మాత్రం, "రేపు బాగవుతాదా?" అన్నాడు. మా తమ్ముడి మనవడి బళ్ళలాంటివి ఆ ఊళ్ళోకి మళ్ళీ రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఈలోగా ఎంతమంది పిల్లలు ఆ వరండాలో కూచుని ఎదురుచూశారో, నా చేతులమీదుగా ఎంతమంది వెళ్ళారో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టి ఉంటే పని చేయలేకపోయేదాన్ని. తట్టుకున్నాను, నాయన అన్నట్టు కాలేదు. కానీ నా మాట నెగ్గించుకోవడానికి నేను ఎవరి దగ్గర ఏం లాక్కున్నానో ఆ వరండాలో నిలబడ్డప్పుడు తెలిసింది.

సాయంత్రం సెలవడిగి ఇంటికి వెళ్ళాను. నాయన షెడ్డు ముందు స్టూలు మీద కూచుని ఉన్నాడు, చేతిలో పనేమీ లేదు. "బిడ్డలు అడిగినారా?" అన్నాడు.

"అడిగినారు."

"ఏం చెప్పినావు?"

"రిపేరులో ఉండాదని."

తల ఊపాడు. నేను లోపలికి వెళ్ళబోతుంటే, రోడ్డు వైపే చూస్తూ, నేను నిజం చెప్పినప్పటినుంచీ లోపల పెట్టుకున్న మాట అడిగాడు. "ఆ బిడ్డ యాడ పోయింది? కోట దాటినాకనా, దాటకముందా?"

"దాటినాకనే నాయనా."

"కోట దాటితే సముద్రం గాలి తగల్తాదమ్మాయ్" అన్నాడు. అని, నా మొహంలోకి చూశాడు.

పాళెం పోయిన ఆ రోజు గాలి పడమటి నుంచి వీచింది. నదిలో లేచిన ఇసుక మా మొహాలకు తగల్లేదు, వీపులకు తగిలింది. నాకు బాగా గుర్తుంది.

"తగిలింది నాయనా" అన్నాను. "ఆ బిడ్డకు బాగా తగిలింది."